మూడు కాళ్ళ కుందేలు

తీగల వంతెన సగం దాటారో లేదో, వెనక కొస పటపటా తెగడం మొదలుపెట్టింది.

“దొరా! పడిపోతా ఉండాం!” అని కెవ్వుమన్నాడు అశ్వపాలకుడు తిప్పన.

“పడటం లేదురా. ఊగుతున్నాం,” అన్నాడు పగడకోట రాకుమారుడు హేమధ్వజుడు.

ఆ మాట నోట్లో ఉండగానే అతని ఎడమ చెయ్యి తిప్పన నడుం చుట్టేసింది. కుడి చెయ్యి తీగను ఒడిసి పట్టింది. తెగిన కొస పాతాళంలోకి జారిపోయింది. మిగిలిన సగం ఇద్దరినీ మోసుకుంటూ లోయ మీదుగా ఊగి, ఎదుటి కొండ మీంచి దూకుతున్న జలపాతాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే హేమధ్వజుడు తీగ వదిలేశాడు. ఇద్దరూ దొర్లుకుంటూ వెళ్ళి ఒక గుహ నడిమధ్యలో, సూదులు తోముకుంటున్న ముసలావిడ కాళ్ళ దగ్గర ఆగారు.

ఆవిడ చేతిలో సూది కింద పెట్టనైనా లేదు.

“కొండ వెనక మేకలదారి ఉండాది,” అంది. “పసిబిడ్డలు కూడా నడుచుకుంటా వస్తారు. ఆ కుళ్ళిపోయిన తీగల మీద మిమ్మల్ని ఎవురు రమ్మన్నారు?”

“మేకలదారి ఉందని ఎవరూ చెప్పలేదవ్వా,” అన్నాడు హేమధ్వజుడు తల విదిలించి నీళ్ళు చిమ్ముతూ.

“అడిగినావా?”

అడగలేదు. ఏ పనైనా ముందు చేసేసి, తర్వాత అడగడం హేమధ్వజుడికి అలవాటు. ఇంతవరకూ ఆ అలవాటు వల్ల చావలేదు కాబట్టి మానుకోవాలని అతనికి తోచలేదు.

మసికొండ అంటే అదీ. ఏనాడో నిప్పులు కక్కి, తర్వాత శాంతించిన కొండ. రాళ్ళన్నీ నూనె రాసిన అట్లపెనాల్లా నల్లగా నిగనిగలాడతాయి. ఆ నలుపు మీద నీలి శంఖుపూల తీగలు, తీగల మీద పచ్చని చిలకలు, చిలకల రెక్కల మీద జలపాతపు తుంపర, తుంపర మీద ముక్కలు ముక్కలుగా ఇంద్రధనుస్సు. గుహ గోడల నిండా బొగ్గుతో గీసిన నెమళ్ళు, తేళ్ళు, తులసికోటలు, బారులు తీరిన ఏనుగులు. ఆ నెమలి ముందు కాసేపు నిలబడితే ఈక కదిలిందేమోనని అనుమానం వస్తుంది. ఆ గీతలన్నీ ఆ ముసలావిడవే, నాంచారవ్వవి. పచ్చబొట్టు పొడవడంలో ఆమెను మించినవాళ్ళు ఏ రాజ్యంలోనూ లేరు. ఆ సంగతి లోకం చెప్పేదాకా ఆమె ఆగదు, తనే చెబుతుంది.

ఇంతకూ రాకుమారుడికి పచ్చబొట్టుతో ఏం పని?

ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు ఆ దేశాన్ని పీడిస్తున్నాడు. ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చంగా ఆ రూపం ధరించగలడు. మొన్న పున్నమికి సేనాపతి ముఖం పెట్టుకుని వెళ్ళి గవ్వలకోట తలుపులు తీయించాడు. లోపలివాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగానే కోట పోయింది. ఇక మిగిలింది పగడకోట ఒక్కటే. దాన్ని ఏలుతున్నది హేమధ్వజుడి అక్క, రాణి అపరాజిత. తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది ఆవిడే.

“ఈసారి వాడు నీ మొహంతో వస్తాడు తమ్ముడూ,” అని చెప్పి పంపింది అపరాజిత. “నీకు తప్ప నేను ఎవరికీ తలుపు తీయనని వాడికి తెలుసు. ఉంగరం చూపించినా నమ్మను, గొంతు విన్నా నమ్మను. చెరగనిదీ, దొంగిలించలేనిదీ ఏదైనా ఒంటి మీద వేయించుకుని రా. అదేమిటో నాకిప్పుడు చెప్పకు, గోడలకు చెవులుంటాయి. చూడగానే అది నువ్వేనని నాకు తెలియాలి. రేపు పొద్దు గుంకేలోగా రా. గుంకాక గోడ కిందికి ఎవరొచ్చినా, నువ్వే వచ్చినా, మరిగే నూనె పోయిస్తాను.”

అపరాజిత అన్నంత పనీ చేస్తుంది. అందుకే తమ్ముడు రాత్రంతా గుర్రం మీద ప్రయాణం చేసి, తెల్లవారేసరికి మసికొండ చేరాడు. నగలూ నాణ్యాలూ చితి దగ్గర వలిచేస్తారు, చచ్చినా వెంట వచ్చే నగ పచ్చబొట్టు ఒక్కటే అని ఆ దేశంలో అందరూ అంటారు. ఇదే అతని మొదటి పచ్చబొట్టు. ఏం కావాలో దారి పొడుగునా ఆలోచించి పెట్టుకున్నాడు కూడా.

“సింహం,” అన్నాడు చొక్కా విప్పి, ఛాతీ చూపించి. “ఇక్కడ మొదలై ఈ భుజం దాకా జూలు. నోట్లో కత్తి. కత్తి చుట్టూ ఏడు తలల నాగు. పడగల మీద మణులు. వెనకాల ఉదయించే సూర్యుడు, ఆ పక్కన మా కోట బురుజులు...”

“ఆగాగు,” అంది నాంచారవ్వ. “ఇంత పొడవల్లంటే నీ ఒక్క ఒళ్ళు చాలదు. నీ గుర్రం ఒళ్ళు కూడా కావల్ల.”

తిప్పన పకపకా నవ్వాడు. రాకుమారుడు కూడా నవ్వేశాడు, ఉడుక్కునే రకం కాదు.

“సరే, సింహం ఒక్కటే వెయ్యి.”

“ఆ సింహం మీ కోట గుమ్మం మీద ఉండాదా లేదా? మీ జెండా మీద ఉండాదా లేదా? ఆ మాయలోడు దాన్ని దినామూ చూస్తా ఉండాడు. నువ్వు ఇంటికి పోయే లోపలే వాడు నీకంటే మంచి సింహాన్ని పొడిపించుకుని మీ అక్క ముందర నిలబడతాడు. ఊరందరికీ తెలిసిన బొమ్మ నీకెందుకబ్బీ? నీకూ మీ అక్కకూ మాత్రమే తెలిసింది ఏముండాదో చెప్పు. బొమ్మ పుట్టుక వినందే నేను సూది ముట్టను.”

హేమధ్వజుడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ తర్వాత వెళ్ళి ఆవిడ పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు.

“కుందేలు,” అన్నాడు.

“కుందేలా?”

“చిన్నప్పుడు నాకు విషజ్వరం వచ్చింది. ఆ నెలలోనే మా అమ్మ పోయింది. మందు తాగనని, అమ్మ దగ్గరికే పోతానని ఏడుస్తుంటే అక్క బొగ్గుముక్క తెచ్చి నా చేతి మీద కుందేలును గీసింది. మూడు కాళ్ళు గీసేసరికి రక్షతాడు అడ్డం వచ్చింది, నాలుగో కాలుకు చోటు లేకపోయింది. ‘నాలుగో కాలు ఏది?’ అని మళ్ళీ ఏడుపు అందుకున్నాను. ‘అది ముందే ఇంటికి పరిగెత్తిందిరా, నువ్వు మందు తాగితే మిగతా మూడూ దాని వెనకే పోతాయి’ అంది అక్క. తాగేశాను.”

నాంచారవ్వ ముక్కు చీదుకుని, చెంగుతో తుడుచుకుని, అప్పుడు అంది.

“బొమ్మ బాగుండాది. నాలుగు కాళ్ళతో పొడుస్తా.”

“మూడు కాళ్ళవ్వా.”

“నాలుగు. అంగం తక్కువైన బొమ్మ పొడిస్తే సూదికి దోషం. మా అమ్మా పొడవలేదు, మా అవ్వా పొడవలేదు. ఈ నాంచారి చేతి కింద కుంటి కుందేలు పుట్టిందని లోకం చెప్పుకోవల్లనా?”

“నాలుగు కాళ్ళయితే అది అక్క గీసిన కుందేలు కాదు. ఊళ్ళో అందరి కుందేలూ అవుతుంది.”

“ఓయబ్బ! తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని సామెత విన్నాను గానీ, దాన్ని ఒంటి మీద పొడిపించుకునే మొండోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా!”

ఇద్దరూ అలా కీచులాడుకుంటుండగా హేమధ్వజుడి చూపు గుహ బయట రాతి అంచు మీదికి పోయింది. అక్కడ ఒక కాకి కూర్చుని ఉంది. జలపాతపు తుంపర మీద పడుతున్నా దాని రెక్కలు తడవడం లేదు. కళ్ళు నల్లగా కాక పొగరంగులో ఉన్నాయి.

“సరే అవ్వా, నువ్వే గెలిచావు,” అన్నాడు రాకుమారుడు గట్టిగా. “నాలుగు కాళ్ళూ గీయి.”

నాంచారవ్వ ముఖం వెలిగిపోయింది. తిప్పన మాత్రం నోరు తెరిచాడు. దొర అంత తొందరగా ఓడిపోవడం వాడు పుట్టి ఇంతవరకూ చూడలేదు.

ఆవిడ చింతబొగ్గు చెక్కి కూర్చుంది. సూది పట్టే ముందు బొగ్గుతో గీసి చూడటం ఆవిడ పద్ధతి. రాకుమారుడి కుడి చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, మోచేతి దగ్గర ఒక కుందేలును గీసింది. “పిడికిలి బిగించు,” అంది. బిగిస్తే కండ సాగి కుందేలు మేకపోతులా తయారైంది. తుడిచేసింది. మణికట్టు పైన గీసి, “కత్తి తిప్పు,” అంది. తిప్పితే కుందేలు మెడ విరిగినట్టయింది. దాన్నీ తుడిచేసింది. చివరికి ముంజేతి లోపలి వైపు, కండ కదలని చోటు వెతికి పట్టుకుంది. అక్కడ గీసిన కుందేలు చెవులు రిక్కించి, నాలుగు కాళ్ళూ సర్దుకుని, ఇప్పుడే గడ్డి మేయబోతున్నట్టు కూర్చుంది. ఎంత ముద్దొచ్చిందంటే తిప్పన దాని వీపు నిమరబోయి ఆవిడ చేత దెబ్బ తిన్నాడు.

“ఇప్పుడు జాము పొద్దెక్కేదాకా దీంతో కాపురం చెయ్యి,” అంది నాంచారవ్వ. “నీళ్ళు మొయ్యి, కట్టెలు కొట్టు. ఒంటికి నచ్చిన బొమ్మయితే ఉంటాది. నచ్చకుంటే నీకే తెలుస్తాది. ఒకసారి సూది దిగినాక ఏడిస్తే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.”

పగడకోట రాకుమారుడు బిందె భుజాన పెట్టుకుని నీళ్ళు మోశాడు. గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టాడు. కొట్టినంతసేపూ ఆ చెయ్యి ఎండలోకి చాపుతూ, తిప్పుతూ, పెళ్ళికూతురు గాజులు చూసుకున్నట్టు మురిసిపోతూ కనిపించాడు. కాకి ఒక్కో రాయీ దిగుతూ దగ్గరికి వచ్చింది. కట్టెలమోపు మీదికి వచ్చి కూర్చుని, కుందేలును చెవుల నుంచి కాలి గోళ్ళ దాకా చూసింది.

అప్పటికి తిప్పనకు అనుమానం వచ్చింది. “దొరా, ఈ కాకి కళ్ళు చూడు!” అంటూ రాయి విసిరాడు. రాయి తగలగానే కాకి టప్పున పేలి పొగైపోయింది. ఆ పొగలో సగం పగడకోట వైపు పరుగు తీసింది. మిగతా సగం బండల సందుల్లోకి ఇంకిపోయింది.

“వాడే! ధూమ్రనేత్రుడే! బొమ్మంతా చూసేసినాడు! మనం చచ్చినాం దొరా!”

హేమధ్వజుడు గొడ్డలి కింద పడేసి కడుపు పట్టుకుని నవ్వాడు.

“చూడాలనే కదరా ఇంతసేపు చెయ్యి ఎండలో ఆరబెట్టింది! పొద్దుటి నుంచీ అది అక్కడే ఉంది. నాలుగు కాళ్ళ కుందేలును మోసుకుని పోనీ. మా అక్క దాన్ని చూసి ఏం చేస్తుందో నాకు తెలుసు. అవ్వా, ఇక నాలుగో కాలు తుడిచెయ్యి.”

నాంచారవ్వకు నవ్వు రాలేదు. “నా గీతను ఎరగా వేసినావా?” అంది. ఆ గొంతు విని రాకుమారుడు నవ్వు ఆపేశాడు. “ఇంత మంచి కుందేలు నా చేతిలో నుంచి ఈ మధ్య రాలేదు. దాన్ని కాకికి చూపించేదానికా గీయించినావు?”

“తప్పే అవ్వా. ముందుగా నీ చెవిలో వేసి ఉండాల్సింది,” అన్నాడు హేమధ్వజుడు. అతను అలా అనడం అరుదు, తిప్పనను అడిగినా చెబుతాడు. “కానీ నీ గీత అంత బాగుండబట్టే వాడు నమ్మాడు. వంకరగా గీసి ఉంటే ఇంకోసారి చూసి పోదామని ఇక్కడే ఉండేవాడు.”

పొగడ్తకు పడనివాళ్ళు ఉంటారు. నాంచారవ్వ వాళ్ళలో మనిషి కాదు. కాస్త మెత్తబడింది గానీ, “దోషం మాటేంది?” అంది మళ్ళీ.

“ఆ దోషం నా చేతికి తగలనీ.”

“నీ చేతికి కాదబ్బీ, నా సూదికి.”

ఆవిడ గోడ మీది నెమళ్ళను ఒకసారి చూసింది. తర్వాత తన ఎడమ చేతి కడియాలు పైకి తోసింది. భుజం నుంచి కింది దాకా ఆ చేతి మీద బొమ్మ లేని చోటు లేదు. మణికట్టు దగ్గర మాత్రం చింతగింజంత జాగా ఖాళీగా ఉంది. ఎవరి కోసం దాచుకుందో ఏమో, సూది మసిలో ముంచి, ఆ ఖాళీలో చకచకా పొడుచుకుంది. చిన్న కాలు. కుందేలు కాలు. ఇప్పుడే నేల మీంచి లేచినట్టు మడిచి ఉన్న కాలు.

“బొమ్మకు కొరత లేదు,” అంది నెత్తుటి చుక్క తుడుచుకుంటూ. “నాలుగు కాళ్ళూ ఉండాయి. రెండు ఒళ్ళ మీద ఉండాయి, అంతే. ఇది ముందే పోయిన కాలు. పని అయినాక వచ్చి చూసిపో. రాకపోతే నీ అక్కకు చెప్తా. ఇప్పుడు చెయ్యి చాపు.”

హేమధ్వజుడు ఆవిడ పాదాలు తాకి కళ్ళకద్దుకుని చెయ్యి చాపాడు.

ఆముదం దీపం మీద పట్టిన మసి, గుంటగలగర ఆకు పసరు, ఒక పసిబిడ్డ తల్లి పొద్దున్నే ఇచ్చిపోయిన చనుబాల చుక్కలు. అంతా కలిపి గవ్వ చిప్పలో రంగు సిద్ధం చేసింది. నొప్పికి పళ్ళు బిగించకుండా రాకుమారుడి నోట్లో బెల్లంముక్క పెట్టింది. ఎడమ బొటనవేలితో చర్మాన్ని డప్పు తోలులా లాగిపట్టి, సూదికట్ట దించింది. దించుతూనే పాట ఎత్తుకుంది. అత్త మీద కోడలు, కోడలి మీద అత్త తిట్టుకునే పాట. అందులో ఎవరు గెలుస్తారో వినాలని మనిషి నొప్పి మరిచిపోతాడు. అదే ఆ పాటకున్న మందు గుణం.

మొదటి కాలు అయింది. రెండో కాలు సగంలో ఉండగా గుహ నేల అదిరింది.

బండల సందుల్లో ఇంకిన పొగ ఊరికే ఉండిపోలేదు. రాతి పొరలు చీల్చుకుని, ఏనుగు గున్నంత ఉడుము ఒకటి బయటికి వచ్చింది. తోక విదిలిస్తే గోడ మీది ఏనుగుల బారు బారంతా రాలిపోయింది. నాలుక చాపితే దీపాలు వణికాయి.

“చెయ్యి కదిలించినావంటే కుందేలు పందికొక్కు అవుతాది!” అని అరిచింది నాంచారవ్వ. సూది ఆపలేదు.

కుడి చెయ్యి ఆవిడ మోకాలి మీద ఉన్నది ఉన్నట్టు ఉంచి, హేమధ్వజుడు ఎడమ చేత్తో కత్తి దూశాడు. బెల్లంముక్క బుగ్గలోకి నెట్టి, “తిప్పనా! దాన్ని నా వైపు తోలు!” అన్నాడు.

“నీ వైపా దొరా?”

“మరి నేను దాని దగ్గరికి రాలేను కదరా!”

తిప్పన మండుతున్న కొరకంచు అందుకుని ఉడుము తోక మీద వాత పెట్టాడు. అది గిర్రున తిరిగి కూర్చున్నవాళ్ళ మీదికి ఉరికింది. హేమధ్వజుడు నడుము వరకూ వెనక్కి వాలి, దాని పంజా తల మీంచి పోనిచ్చి, కింద నుంచి కత్తితో పొడిచాడు. కత్తి పొలుసుల మీద జారిపోయింది. రెండోసారి కొడితే కత్తే విరిగింది. అత్తాకోడళ్ళ పాట మాత్రం విరగలేదు, కోడలు రోకలి ఎత్తే చోటికి వచ్చింది. ఉడుము ఈసారి నోరు బారెడు తెరుచుకుని మీదికి వచ్చింది. రాకుమారుడు మసి పట్టేందుకు వెలిగించి పెట్టిన ఆముదం పెనాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. మరుగుతున్న ఆముదం, వెలుగుతున్న వత్తులతో సహా, దాని గొంతులో పడింది. ఉడుము భగ్గుమని మండి, మసై, మొత్తం గుహలోనే రాలిపోయింది.

“మూడో కాలు,” అంది నాంచారవ్వ తల ఎత్తకుండా. “మసి పోయిందనుకున్నా. మళ్ళీ బోలెడు వచ్చింది.”

చివరి చుక్క పెట్టి, పసుపూ ఆముదమూ పూసి, పైన లేత అరిటాకు చుట్టి కట్టింది. “కోట లోపలికి పోయేదాకా విప్పొద్దు. ఎవురికీ చూపించొద్దు,” అని చెప్పింది. సరేనన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే తిప్పనకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది.

మేకలదారిన దిగి, లోయ చుట్టి, గుర్రాలు ఎక్కారు. హేమధ్వజుడి గుర్రం పేరు మెరుపు. అది ఆ రోజు పేరు నిలబెట్టుకుంది. ముళ్ళపొదలు, వాగులు, ఇసుక మేటలు వెనక్కి పరిగెత్తాయి. పొద్దు పడమటి కొండను తాకుతుండగా పగడకోట కనిపించింది. ఎర్రని గోడలు, ఆ గోడల మీద ఎర్రని ఎండ, బురుజుల మీద వరసగా నూనె బానలు, బానల కింద మంటలు. కోట చుట్టూ మొసళ్ళ కందకం. కందకం అవతలి గోడకు ఎత్తి కట్టిన వంతెన.

కందకం ఇవతలి గట్టు మీద మరో హేమధ్వజుడు నిలబడి ఉన్నాడు.

“అక్కా! నేనేనే!” అంటున్నాడు వాడు ముంజెయ్యి పైకెత్తి. నాలుగు కాళ్ళ కుందేలు, ముచ్చటైన కుందేలు, అంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది. “చిన్నప్పుడు నువ్వు గీసిన కుందేలు గుర్తుందా?”

కాకి మాటలు కూడా విందన్నమాట. బురుజు మీద అపరాజిత ముందుకు వంగి చూసింది. ఆవిడ ముఖం విప్పారింది.

“గుర్తు లేకేం నాయనా! రా, రా! వంతెన దించండిరా!”

“దొరా, దించేస్తా ఉండారు! అరువు, గట్టిగా అరువు!”

“ఉండరా, చూడు,” అన్నాడు హేమధ్వజుడు గుర్రాన్ని చెట్ల చాటున ఆపి. మా అక్క నన్ను ఏనాడైనా నాయనా అందా, అని వాడి చెవిలో గొణిగాడు.

వంతెన దిగింది. మాంత్రికుడు నవ్వుకుంటూ ఎక్కాడు. నడిమధ్యకు వచ్చేసరికి అపరాజిత వంతెనను మోసే మోకును తన కత్తితోనే నరికేసింది. వంతెనతో సహా దాని మీది మనిషి కందకంలో పడ్డాడు. నీళ్ళు బురుజు ఎత్తున లేచాయి.

“నేను గీసిన కుందేలుకు మూడే కాళ్ళురా, మాయగాడా!” అని కేక పెట్టింది రాణి.

హేమధ్వజుడు ఉబ్బిపోయాడు. గుర్రాన్ని గట్టు మీదికి ఉరికించి, “అక్కా! ఇదిగో మూడు!” అంటూ అరిటాకు చింపేసి చెయ్యి ఎత్తాడు. పసుపు, నెత్తురు, వాపు, వాటి మధ్య మూడు కాళ్ళ మీద నిలబడ్డ కుందేలు. అపరాజిత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎవురికీ చూపించొద్దన్నాది కదా అవ్వ!” అని తల బాదుకున్నాడు తిప్పన.

కందకంలోంచి పొగ లేచింది. లేచి గట్టు మీదికి వచ్చి, హేమధ్వజుణ్ణి కూడా కమ్మేసి, గుండ్రంగా తిరిగి, మనిషైంది. మెరుపు పక్కన ఇంకో మెరుపు, దాని మీద ఇంకో హేమధ్వజుడు. అదే అరిటాకు చింపు, అదే పసుపు, అదే వాపు. అవే మూడు కాళ్ళు.

“అక్కా, వీడు నా చెయ్యి చూసేశాడు!” అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

పొద్దు సగం కొండ వెనక్కి పోయింది. బురుజు మీద సైనికులు నూనె బానలకు చేతులు వేశారు. పొద్దు గుంకితే ఇద్దరి మీదా పోయాలి, అది రాణి ఆజ్ఞ. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“నాలుగో కాలు ఏది?” అని అడిగింది.

మాంత్రికుడు తడుముకోలేదు. “నువ్వు గీయనే లేదు కదక్కా. రక్షతాడు అడ్డం వచ్చింది,” అన్నాడు. కాకి గుహ బయట కూర్చుని విన్నదాంట్లో జలపాతపు హోరు మింగగా మిగిలింది అంతే.

హేమధ్వజుడు నవ్వాడు. కళ్ళ నిండా నీళ్ళతో నవ్వాడు.

“అది ముందే ఇంటికి పరిగెత్తిందక్కా! మందు తాగేశాను, తలుపు తియ్యి!”

అపరాజిత ఏడ్చేసింది. ఏడుస్తూనే విల్లు ఎత్తి, తప్పుడు తమ్ముడి గుండె మీద బాణం నాటింది. వాడు ఘోరంగా అరిచి పొగై పైకి లేచాడు. గోడ మీంచి మోకునిచ్చెన కందకం దాటి గిరవాటు పడింది.

“ఎక్కు తమ్ముడూ! పొద్దు పోతోంది!”

హేమధ్వజుడు నిచ్చెన మీద కాలు పెట్టాడు. అప్పుడే ఆకాశంలో పొగ మాట్లాడింది.

“కుందేలును తర్వాత చూస్తాను. ముందు దాన్ని పొడిచిన చేతిని మణికట్టు దాకా నరికి తెస్తాను!” పొగ మసికొండ వైపు తిరిగింది. వంతెన లేని ఆ లోయలో, విరిగిన కత్తి ముక్క తప్ప ఏ ఆయుధమూ లేని ఆ గుహలో, సూదులు తోముకుంటూ ఒక్కతే ముసలావిడ.

రాకుమారుడు నిచ్చెన మీంచి కాలు తీసేశాడు.

“ఏమిట్రా అది? ఇంటికి రా!” అని గోడ మీంచి సగం కిందికి వంగింది అపరాజిత.

“వస్తానక్కా! నాలుగో కాలు ఆ కొండ మీద ఉంది. దాన్ని కూడా తీసుకునే వస్తాను. నువ్వు నిచ్చెన లాగేసుకో!”

తిప్పన ఒక్క మాట కూడా అనకుండా తన గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. పొద్దు గుంకింది. వెనకాల కోట నిచ్చెనను పైకి లాక్కున్న చప్పుడు వినిపించింది. ముందు, కంటికి అందనంత దూరాన, మసికొండ మీద, ఆముదం దీపం ఒకటి వెలిగింది.